అక్క కూర్చునే పీట

నా చిన్నప్పటి సిరిసిల్లలో మా వాడంతా సాంచాల చప్పుడే. ఆ మరమగ్గాల మీద మగవాళ్లు బట్ట నేసేవారు. అందుకు కావలసిన దారాన్ని కండెలకు చుట్టి ఇచ్చేది ఆడవాళ్లు. కండె అందకపోతే సాంచ ఆగిపోతుంది. అయినా వాళ్లకిచ్చే కూలి మగవాళ్లకు వచ్చేదాంట్లో సగం కూడా ఉండేది కాదు.

ఒక ఏడాది సాంచాలు నడిపేవాళ్లంతా కలిసి అడిగి కూలి పెంచుకున్నారు. మా పక్కింటి అక్క కండెలు చుట్టేది. ధైర్యం చేసి తనకూ పెంచమంది. కార్ఖానా యజమానిని మేం ఆసామి అనేవాళ్లం. "గీ పని చిన్నపిల్లలు గూడ చేస్తరు" అన్నాడాయన. మరునాటి నుంచి అక్క పనికి పోలేదు. కండెలు లేక సాంచాలు ఆగితే ఆయనే దిగివస్తాడనుకుంది.

ఆసామి నేరుగా మా ఇంటికొచ్చి, అక్క బదులు కండెలు చుట్టడానికి నన్ను పంపమన్నాడు. నాన్న నడిపేది ఆయన సాంచాలే కాబట్టి అమ్మ కాదనలేకపోయింది. నాకు పదేళ్లు, బడికి సెలవులు. అక్కకిచ్చేదాంట్లో సగమిస్తానంటే నేనూ పెద్దదాన్నయ్యానని పొంగిపోయాను. రెండు రోజులు అక్క పీట మీద కూర్చుని కండెలు చుట్టాను. ఆసామి మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో రోజు పొద్దున అక్క కార్ఖానాకు వచ్చింది. తిడుతుందని తల దించుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుని చూసింది. దారం ఒరుసుకుని వేలు తెగింది. పనిలోంచి తీసేస్తారన్న భయంతో నేనెవరికీ చెప్పలేదు. అక్క తన కొంగు అంచు చింపి వేలికి కట్టింది.

"దారం పట్టేటప్పుడు వేలుకు పేలిక సుట్టుకోవాలె బిడ్డా. నీకెవ్వలు చెప్పలేదా?"

తర్వాత ఆసామి వైపు తిరిగింది. "పాత కూలికే చేస్త. పిల్లను ఇంటికి పంపుండ్రి" అంది.

నేను లేచాను, ఆమె కూర్చుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు చేసినా మళ్లీ కూలి పెంచమని అడగలేదు.

పెద్దయ్యాక నేనూ కండెలు చుట్టే బతికాను. ఎవరు పనికి పిలిచినా, ఇదివరకు ఇక్కడ ఎవరు చేసేవారు, ఎందుకు మానేశారు అని అడిగేదాన్ని. అలా అడిగినందుకు కొన్నిచోట్ల పని దొరకలేదు. ఈ సంగతి చెబితే, అప్పుడు నువ్వు చిన్నపిల్లవు, నీకేం తెలుసు అని అందరూ ఊరడిస్తారు. నిజమే. కానీ ఆ రోజు అక్క ఓడిపోయింది ఆసామి చేతిలో కాదు, నా వల్ల.