తలస్నానం నుంచి లెక్క

మా ఆయన అబిడ్స్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. అందుకే రెండో బిడ్డ ఇప్పుడే వద్దనుకున్నప్పుడు ఆ లెక్క ఆయనకే వదిలేశాను. నేనప్పుడు కోఠిలో బి.ఎడ్. చదువుతున్నాను. పెద్దదాని కాన్పుకి ఒకసారి మధ్యలో మానేసి, బతిమాలుకుని మళ్లీ చేరాను. ఇంకోసారి మానితే చదువుకు నీళ్లొదులుకోవడమే.

మాత్రలు నాకు పడలేదు. మందుల షాపులో కండోమ్ అని నోరు తెరిచి అడగడానికి ఆయనకు సిగ్గు.

"గీడ అందరు మా నాయనను ఎరిగినోళ్లే. ఏమనుకుంటరు? ఫికర్ చెయ్యకు, సహజ పద్ధతి ఉన్నది. నెలసరి నుంచి మొదటి వారం ఏం కాదు. తర్వాత పన్నెండు రోజులు దూరముంటే చాలు. ఉత్త కూడికనే."

ఇదంతా ఫోన్‌లో ఒక వీడియో చూసి సంపాదించిన పాండిత్యం. వంటింట్లో బేగం బజార్ కిరాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండర్‌ ఉంది. ఏకాదశులు, అమావాస్యల మధ్య ఆయన పెన్సిల్ సున్నాలు చేరాయి. ఏవో వ్రతం రోజులనుకుని అత్తగారు వాటిని గౌరవంగా చూసేవారు.

ఆరు నెలలు దేవుడు కాపాడాడు. ఆ గొప్ప తన పద్ధతిదే అన్నారు మా ఆయన. ఏడో నెల తప్పింది.

నాంపల్లిలో ఒక చిన్న దవాఖానకు వెళ్లాం. ఆఖరి నెలసరి ఎప్పుడు మొదలైందని నర్సు నన్నడిగితే, ఆయన ఠక్కున తేదీ చెప్పారు.

"అది నేను తలస్నానం చేసిన రోజు. మొదలైంది నాలుగు రోజుల ముందు" అన్నాను.

నర్సు పెన్ను కింద పెట్టింది. "సార్, రక్తం కనవడ్డ దినం నుంచి లెక్కవెడతరు. మీరు తానం నుంచి లెక్కవెట్టిన్రా?"

"మా ఇంట్ల గప్పుడే తెలుస్తది" అన్నారాయన, గోడవైపు చూస్తూ.

నిజమే. ఆ నాలుగు రోజులు నేను వెనకగదిలో ఉంటాను, ఆయన అటు తొంగి చూడరు. ఐదో రోజు అత్తగారు "కోడలు తానం చేసింది" అనగానే ఆయన సున్నా చుడతారు. అంతకు ముందు రోజులు మైల కాబట్టి లెక్కలోకి రావు. నేనేమీ తక్కువ తినలేదు. ఆ సున్నా ఎక్కడ పడుతోందో కూర కలుపుతూ ప్రతి నెలా చూశాను. లెక్కల మాస్టారికి మనం చెప్పేదేమిటిలే అని ఊరుకున్నాను. ఆయన మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

నర్సు లెక్కవేసి చెప్పిన కాన్పు తేదీ మాత్రం తప్పలేదు. కాన్పు సరిగ్గా పరీక్షల వారంలోనే అయింది. ఆ ఏడు పరీక్ష రాయలేదు.

చిన్నవాడికి ఆరో నెల వచ్చాక ఆయన మళ్లీ పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టారు. నేను పెన్సిల్ లాక్కుని చేతిలో సంచి పెట్టాను.

"నేను పరీక్ష రాసేదాక మీ లెక్కలు పోరగాళ్లకు చెప్పుండ్రి. ముందు మందుల షాపుకు పోయి రాండ్రి."

మా ఇల్లున్న అబిడ్స్‌లో అడుగుకో మందుల షాపు ఉంటే, ఆయన లక్డీకాపూల్ దాకా నడిచిపోయి చెమటలు కక్కుతూ వచ్చారు. ఆ ఏడు నేను పరీక్ష రాశాను.