పీపాల గదిలో తీర్థం

ఇంగ్లండులో నా పరువు పోయిన చోట్లు చాలానే ఉన్నాయి గానీ, ఒక గార్డెనింగ్ క్లబ్బు మొత్తాన్ని వెంటేసుకుని మరీ పోగొట్టుకున్న చోటు ఒక్కటే. అది లీసెస్టర్ అవతల ఒక పల్లెలో ఉన్న చిన్న వైనరీ. జరిగి కొన్నేళ్ళయినా, ఇప్పటికీ అటు వెళితే అక్కడివాళ్ళు నన్ను గుర్తుపట్టి నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే అందులో నా తప్పెంతో, నా కుడిచేతి తప్పెంతో చివర్లో మీరే తేల్చాలి.

అప్పట్లో నేను లండన్ శివారు హౌన్స్‌లోలో, నెత్తిమీద విమానాలు పోయే ఇంట్లో, ఓబులేసు అనే కర్నూలు మిత్రుడితో కలిసి ఉండేవాణ్ణి. నా పేరు ఫణి, ఊరు బాపట్ల, ఉద్యోగం సాఫ్ట్‌వేరు. వీటన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది నా ధైర్యం. నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఉండొచ్చని నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆఫీసులో క్రికెట్ గురించి అడిగినా, బాయిలర్ గురించి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. సగం తప్పే అయ్యేది. కానీ చెప్పే తీరు చూసి ఎవరూ అడ్డు తగిలేవారు కాదు.

ఆ ధైర్యంతోనే లహరిని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాను. లహరి లీసెస్టర్‌లో పుట్టి పెరిగింది, అక్కడే ఫార్మసిస్టు. తను సరేనంది. వాళ్ళమ్మగారు కూడా సరేనన్నారు. ఇక మిగిలింది వాళ్ళ నాన్నగారు, డాక్టరు అంకుల్. ఆపరేషన్‌కి ముందు మత్తిచ్చి మనుషుల్ని నిద్రపుచ్చడం ఆయన వృత్తి. సొంతూరు తెనాలి. హాస్పిటల్ డ్యూటీల పట్టికలో శనివారం ఖాళీ దొరికితే చాలు, చుట్టుపక్కల వైనరీలు తిరగడం ఆయన సరదా. ఫ్రాన్సు సీసాల జోలికి పోరు. ఈ వానలో, ఈ చలిలో ఇక్కడ పండిన ద్రాక్షకే ఆయన ఓటు.

మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు ఆయన నన్ను మీరు అనే సంబోధించారు. ఉద్యోగం, ఊరు అయ్యాక మెల్లగా అడిగారు, "వైన్ ఏమైనా అలవాటుందా అండీ?"

చూడండి, ఇదెంత ఇరుకైన ప్రశ్నో. ఉందంటే తాగుబోతునవుతాను. లేదంటే ఆయన సరదాకి పనికిరానివాణ్ణవుతాను. నిజానికి అప్పటికి నేను వైన్ చుక్క కూడా ముట్టలేదు. అయినా నా నోరు నన్ను సంప్రదించకుండా జవాబిచ్చేసింది.

"అలవాటంటే అలవాటు కాదండీ అంకుల్, అభిరుచి. వైన్ గురించి కాస్త లోతుగానే తెలుసు."

ఆయన వచ్చే శనివారం రమ్మన్నారు, కలిసి ఒక వైనరీ చూద్దామన్నారు.

ఆ సాయంత్రం లహరి ఫోన్ చేసి తలంటు పోసింది. "ఫణీ, వై వుడ్ యూ సే దట్? తెలీదంటే డాడీ ఏమీ అనుకోరు. తెలీకుండా తెలుసంటే అస్సలు పడదు. లాస్ట్ టైమ్ సంబంధానికొచ్చిన ఒకతను అట్లానే బ్లఫ్ చేశాడు. టీ తాగించి పంపేశారు, దట్స్ ఇట్."

వేరేవాడైతే అక్కడే ఫోన్ చేసి నిజం చెప్పేసేవాడు. నేను వారం రోజులుందిగా, నేర్చేసుకుంటే పోలా అనుకున్నాను. వీడియోలు చూశాను. గ్లాసు ఎలా పట్టుకోవాలో, ఎలా తిప్పాలో, ముక్కు ఎంత లోపలికి పెట్టాలో సాధన చేశాను. మా ఇంట్లో ఉన్నవి స్టీలు గ్లాసులే కాబట్టి, వాటిలో నల్లద్రాక్ష రసం పోసి తిప్పేవాణ్ణి. నోట్లో పోసుకుని పుక్కిలించి, కళ్ళు మూసుకుని, రుచి చూసేవాళ్ళు మింగరట కాబట్టి, సింకులో ఉమ్మేవాణ్ణి. ఓబులేసు రెండు రోజులు ఓపిక పట్టి మూడోనాడు అడిగాడు.

"ఏందప్పా, పన్ను నొప్పా? జీపీ డాక్టరు దగ్గరికి పోరాదూ?"

శనివారం లహరికి డ్యూటీ. సాయంత్రం తనే వచ్చి కార్లో తీసుకెళతానంది. అంకుల్, నేను టాక్సీలో వైనరీకి వెళ్ళాం. దారిపొడవునా సన్నటి తుంపర. అంకుల్ పొట్టిగా, బట్టతలతో, మెడకి మఫ్లరు చుట్టుకుని ఉన్నారు. మాట తక్కువ. ఎదుటివాణ్ణి చూస్తున్నప్పుడు, వీడికి ఎంత డోసు ఇవ్వాలా అని లెక్క వేస్తున్నట్టుంటుంది ఆ చూపు.

ఆ వైనరీ యజమానురాలు మార్గరెట్ అని, రబ్బరు బూట్ల పెద్దావిడ. ఆవిడే తోట చూపిస్తుంది, ఆవిడే పోస్తుంది. మాతోపాటు ఆ రోజు ఒక గార్డెనింగ్ క్లబ్బువాళ్ళు వచ్చారు. అందరూ రిటైరైనవాళ్ళే, అందరివీ పాలనురుగులాంటి తెల్లటి తలలే. వాళ్ళ పెద్ద కాలిన్ అనే పొడుగాటి మనిషి.

ముందు తోట చూశాం. తర్వాత షెడ్డులో బల్ల చుట్టూ నిలబెట్టి ఒక తెల్ల వైన్ పోశారు. నేను గ్లాసు తిప్పాను. ముక్కు పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. "గూస్‌బెర్రీ తెలుస్తోంది. వెనకాల, వాన వెలిసిన తర్వాతి గడ్డివాసన" అన్నాను. వీడియోలో ఆయన చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. నాకు తెలిసి ఆ గ్లాసులోంచి వచ్చింది పులిసిన ద్రాక్ష వాసనే. తర్వాత పుక్కిలించి, బల్ల మీదున్న నిగనిగలాడే స్టీలు బకెట్లో తుంపర పడకుండా ఉమ్మాను. సింకు దగ్గర పడిన కష్టం ఊరికే పోలేదు.

మార్గరెట్ కళ్ళు మెరిశాయి. కాలిన్ నా దగ్గరికి వచ్చి, మీరు ఈ వృత్తిలో ఉన్నారా అని అడిగాడు. "కొద్దిగా" అన్నాను. అప్పటినుంచి క్లబ్బువాళ్ళు నేను గ్లాసెత్తితే ఎత్తడం, దించితే దించడం మొదలుపెట్టారు. అంకుల్ మాత్రం తన గ్లాసు తను చూసుకుంటున్నారు. పెళ్ళి కుదిరిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు మార్గరెట్ పీపాల గదికి తీసుకెళ్ళింది.

ఆ గది ఎలా ఉందో కాస్త శ్రద్ధగా వినండి, నా తరఫు వాదనంతా అక్కడే ఉంది. గుమ్మం ముందు నీళ్ళతొట్టి. తోటలోని మట్టి లోపలికి రాకూడదని అందరూ కాళ్ళు అందులో తడిపి వెళ్ళాలి. గుమ్మం పొట్టిది, తల వంచితేగానీ లోపలికి పోలేం. లోపల చల్లగా, చీకటిగా, ఒకే ఒక్క దీపం. అందరం గోడ పక్కన వరసగా, గుసగుసలతో నిలబడ్డాం. దానికితోడు తుంపరకి నా కళ్ళజోడు తడిసి ఏమీ కనపడటంలేదు. గ్లాసు పక్కనున్న పీపా మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాను.

మార్గరెట్ పీపాలోకి పొడవాటి గాజు గొట్టం ముంచి, పైన బొటనవేలితో మూసి, అందులో నిలిచిన ఎర్ర వైన్‌ని ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం పోసుకుంటూ వస్తోంది. పోస్తూ ఏదో లయలో చెప్పుకుపోతోంది. కళ్ళజోడు లేని నాకు కనిపించిందల్లా, చీకట్లో ఒక పెద్ద ఆకారం నోటితో ఏదో వల్లిస్తూ, చేతిలోంచి ఏదో ధార పోస్తూ నావైపు రావడం.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆగేవాణ్ణి. కళ్ళజోడు జేబులోకి పోయింది. కుడిచెయ్యి పుడిసిలిలా ముడుచుకుంది. దాని కింద ఎడమచెయ్యి చేరింది. తల వంగింది. ఆవిడ మాటల ధ్యాసలో బొటనవేలు తీసింది. నేను ఒక్క చుక్క కింద పడకుండా జుర్రున పీల్చి, తడిచెయ్యి తలమీద వెనక్కి రాసుకున్నాను. రాసుకుని, రెండోసారికి మళ్ళీ చెయ్యి చాపాను.

మందుని తీర్థం అని వెటకారంగా అనేవాళ్ళని మీరు చూసే ఉంటారు. నాది వెటకారం కాదు, పూర్తి భక్తి.

మార్గరెట్ గొట్టం పట్టుకుని అలాగే నిలబడి, ఇదేమిటని అడిగింది. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. పీపాలు కనిపించాయి, దేవుడు కనిపించలేదు. ఎర్ర వైన్ నా జుట్టులోంచి చెవి వెనక్కి దిగుతోంది. ఆ క్షణంలో సిగ్గుపడి ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. కానీ ధైర్యం ఉందన్నానుగా.

"మా దక్షిణాదిలో పీపాలోంచి తీసిన వైన్ రుచి చూసే పద్ధతి ఇదేనండీ. గాజు చల్లగా ఉంటుంది. అరచేతి వేడికి వైన్ విచ్చుకుంటుంది. మిగిలింది తలకి రాస్తే వాసన చాలాసేపు మనతోనే ఉంటుంది" అన్నాను ఇంగ్లీషులో.

కాలిన్ తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "అందులో అర్థముంది" అని గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపాడు. అతని వెనక అతని భార్య. ఆవిడ వెనక క్లబ్బు క్లబ్బంతా. మార్గరెట్ పోస్తుంటే వాళ్ళు జుర్రడం, తలకి రాసుకోవడం. వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంటే నేనే దగ్గరుండి వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించాను. "నిజమే, తేడా తెలుస్తోంది" అన్నాడు కాలిన్. చూస్తుండగానే ఆ తెల్లటి తలలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి.

వరస చివర్లో అంకుల్ ఉన్నారు.

తెనాలి మనిషికి తీర్థం పుచ్చుకోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన ఒక్క మాట అంటే చాలు, నా పరువూ లహరీ రెండూ అక్కడే పోతాయి. మార్గరెట్ ఆయన ముందుకి వచ్చి ఆగింది, మీ ప్రాంతంలో నిజంగా ఇదే పద్ధతా అని ఆయన్నే అడిగింది.

అంకుల్ నావైపు ఒకసారి చూశారు. తన గ్లాసు కాలిన్ చేతికిచ్చారు. చూపుడువేలు మడిచి కుడిచెయ్యి పొందిగ్గా చాపి, కళ్ళు మూసుకుని, తీర్థం మంత్రం మొదలు నుంచి చివరిదాకా చదివి, మూడుసార్లు పుచ్చుకుని, బట్టతల నున్నగా తుడుచుకున్నారు. క్లబ్బువాళ్ళు మంత్రముగ్ధులై చూస్తుండిపోయారు. తాము మంత్రం లేకుండానే పుచ్చుకున్నామని కాలిన్ బాధపడ్డాడు.

అందరూ షెడ్డులోకి నడుస్తుంటే అంకుల్ నన్ను వెనక ఆపి, తెలుగులో నెమ్మదిగా అడిగారు.

"ఫణిగారూ, మీకు వైన్ నిజంగా ఎంత తెలుసు?"

జవాబులు వారం నుంచీ సిద్ధంగా ఉన్నాయి. అన్నీ పక్కన పెట్టేశాను.

"ఏమీ తెలీదండీ అంకుల్. ఇవాళే మొదలు."

"ఆ గడ్డివాసన?"

"వీడియోలో విన్నానండీ."

"అరచేతి వేడి?"

"అది అప్పటికప్పుడు పుట్టిందండీ."

"తీర్థం పుచ్చుకోవడం మాత్రం బాగా వచ్చు."

"మా నాన్నమ్మ నేర్పిందండీ. చుక్క కింద పడితే ఊరుకునేది కాదు."

ఆయన మూతి బిగించారు. టీ తాగించి పంపేస్తారు, అంతే అనుకున్నాను. నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆయన బిగించింది నవ్వుని. అది ఆగలేదు. పీపాకి చేతులు ఆనించి, భుజాలు ఊగిపోయేలా నవ్వారు.

"నేనీ దేశానికొచ్చిన కొత్తలో మా పెద్ద డాక్టరు, కన్సల్టెంటు, భోజనానికి పిలిచి వైన్ పోశాడు. ఎంగిలి కాకూడదని గ్లాసు పైకెత్తి, పెదాలకి తగలకుండా పోసుకున్నా. సగం నా నోట్లో పడింది, సగం ఆయన చొక్కా మీద. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

షెడ్డులోకి వచ్చాక ఆయన బల్ల దగ్గర ఆగారు. అందాకా మేం ఉమ్మిన స్టీలు బకెట్టుని కడిగి బోర్లించారక్కడ. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి, పూజారిగారు శఠగోపం పెట్టినట్టు నా తలమీద పెట్టి తీశారు. కడిగినదే, కంగారుపడకండి. ఆరలేదంతే.

ఇది కూడా మీ పద్ధతేనా అని మార్గరెట్ ఆశగా అడిగింది.

"ఇది చివర్లో చేస్తారు. పెళ్ళి కుదిరినవాళ్ళకి మాత్రమే" అని ఆవిడకి ఇంగ్లీషులో చెప్పి, నావైపు తిరిగి, "తల తుడుచుకో బాబూ, జలుబు చేస్తుంది" అన్నారు. వారం నుంచీ మీరు అంటున్న మనిషి నువ్వు అన్నారని నాకు కాసేపటిగ్గానీ తట్టలేదు. కాలిన్ మాత్రం తనకి ఎప్పుడో పెళ్ళయిపోయినందుకు నొచ్చుకున్నట్టు కనిపించాడు.

సాయంత్రం లహరి కారు దిగి, గేటు దగ్గర వరసగా నిలబడిన గులాబీరంగు తలల్నీ, మధ్యలో నన్నూ చూసింది. "వాట్ డిడ్ యూ డూ?" అంది. నేను నోరు తెరిచేలోపు వాళ్ళ నాన్న అందుకుని, "ఏం చేయలేదమ్మా, దర్శనం బాగా జరిగింది" అన్నారు.

ఇప్పటికీ ఏటా ఒకసారి మేం అక్కడికి వెళతాం. గ్లాసుతోనే తాగుతాను. అంకుల్ పక్కన నిలబడి నేర్పగా నేర్పగా, గడ్డివాసన నాకు నిజంగానే తెలుస్తోంది. అంతా చక్కబడిందనే అనుకున్నాను, పోయిన నెలలో లీసెస్టర్ గుడికి వెళ్ళేదాకా. పూజారిగారు చేతిలో తీర్థం పోశారు. నేను అరచేతిని గుండ్రంగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. వెనక క్యూ ఆగిపోయింది. ఏమైనా తేడాగా ఉందా నాయనా అని ఆయన కంగారుగా అడిగారు.

"లేదండీ, చక్కగా ఉంది. ముందు తులసి, చివర్లో పచ్చకర్పూరం" అన్నాను.

లహరి గిల్లిన చోట ఇంకా మచ్చ ఉంది. ఆ మచ్చ మీద చెయ్యి వేసి, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇకనుంచి ఎవరేది పోసినా, పుచ్చుకునే ముందు కళ్ళజోడు పెట్టుకుని, నేనున్నది గుడో వైనరీనో చూసుకుంటాను. ఉమ్మడం మాత్రం, ఆ సంగతి ఖాయంగా తేలేదాకా, ఎక్కడా ఉమ్మను.