బావగారు రంగేయించిన కుండ

మా అక్క మొగుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళ మీద చెడ్డగా మాట్లాడకూడదంటారు. అనుకోనివ్వండి, నేను మాట్లాడతాను.

అరవైల మొదట్లో మాట. బందరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. పెళ్ళి కాలేదు, ఇంట్లో అమ్మా నేనూ. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మా స్కూలు పిల్లలకి సముద్రపు చేపంటే కూరే. అది నీళ్ళలో ఎలా తిరుగుతుందో ఒక్కత్తీ చూసి ఎరగదు. అందుకని మా ఇంట్లోనే ఓ అద్దాల పెట్టె చేయించాను. టేకు చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో లక్క పోయించి, అడుగున ఇసుక పరిచాను. వల వేసేవాళ్ళని బతిమాలి వేలెడంత చారల చేపలు రెండు తెచ్చుకున్నాను. సముద్రపు నీళ్ళు బిందెలతో మోయించాను.

చలికాలం హాయిగా గడిచింది. శివరాత్రి వెళ్ళగానే నీళ్ళు వేడెక్కడం, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలయింది. సముద్రానికేం, అంత పెద్దది. పెట్టెడు నీళ్ళు బందరు ఎండకి కాగిపోవూ? ఐసు వేద్దామంటే కరిగి ఉప్పు పలచబడుతుంది, చేపలు చస్తాయి. మనం తాగే నీళ్ళు కుండలోనేగా చల్లబడుతున్నాయి అని, సముద్రపు నీళ్ళు పట్టుకెళ్ళి కొత్త కుండలో పోసి, చల్లబడ్డాక పెట్టెలోకి ఎత్తాను. నాలుగు రోజులు బ్రహ్మాండం! ఆ తర్వాత కుండ ఒంటినిండా తెల్లగా ఉప్పు పూసి, చెమర్చడం మానేసింది. కుండ చెమరిస్తేనేగా చలవ. "బంగారం లాంటి కుండ తగలేశావు కదే" అని అమ్మ రుసరుసలాడింది.

ఇంకో కుండ కొన్నాను. ఈసారి దాన్నిండా మంచినీళ్ళు పోసి, లోపల రబ్బరు గొట్టం చుట్టలు చుట్టి పెట్టాను. పైన ఎత్తు మీద జాడీ, జాడీలో సముద్రపు నీళ్ళు. అవి గొట్టంలోంచి కుండలోకి దిగి, చల్లబడి, అవతలి కొసనుంచి సన్నటి ధారగా పెట్టెలో పడేవి. కుండకి తడి గోనె చుట్టి, వడగాలి తగిలేలా పడమటి కిటికీలో పెట్టాను. పెట్టెలో నీళ్ళు చెంబుతో మళ్ళీ జాడీలోకి ఎక్కించడం నా డ్యూటీ. ఒంటిపూట బడి నుంచి ఇంటికొచ్చింది మొదలు అదే పని, నడుం పడిపోయేది. చేపలు మళ్ళీ అడుక్కి దిగి ఇసుక కెలుకుతుంటే ఎంత సంబరపడ్డానో! క్లాసు క్లాసంతా ఇంటికి లాక్కొచ్చి చూపించాను.

ఇక మా బావగారు. గుడివాడలో రైసు మిల్లు. వచ్చినప్పుడల్లా ఆ కుండని చూసి ఒకటే నవ్వు. "ఏం మరదలా, సముద్రానికి జ్వరమొచ్చిందా, తడిగుడ్డ వేస్తున్నావు?" అనేవాడు. నవ్వితే నవ్వాడు, బావ కదా అని ఊరుకున్నాను. ఆ చైత్రంలో వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. పెట్టె ముందు కుర్చీ వేయించుక్కూర్చుని, "అత్తయ్యా, ఇది మా కొత్త ఇంటి హాల్లో పెడితే ఎంత దర్జాగా ఉంటుందీ!" అన్నాడు.

అంతే, అయిపోయింది. మా ఇంట్లో అల్లుడు ఒక వస్తువు బాగుందన్నాడంటే అది ఆయన వెంట వెళ్ళిపోయినట్టే. ఇత్తడి గంగాళం అలాగే వెళ్ళింది. మా నాన్న పడక్కుర్చీ అలాగే వెళ్ళింది. అమ్మ నా మొహం కూడా చూడలేదు.

"దానికేం బాబూ, తీసుకెళ్ళండి."

"అమ్మా, అది నాది," అన్నాను.

"అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటామటే?"

మర్నాడు మనుషులొచ్చి అన్నీ లారీకెక్కించారు. గోనె ఎప్పుడు తడపాలో, కుండ ఎక్కడ పెట్టాలో చెప్పబోయాను. "ఆ మాత్రం మాకు తెలీదా" అని బావగారు ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ పూట అన్నం మానేశాను, అమ్మతో మాట్లాడ్డం మానేశాను. ఈయనకి ఎప్పటికైనా తగిన శాస్తి జరగాలని రోజూ స్నానం చేసి మరీ దణ్ణం పెట్టుకున్నాను.

వైశాఖంలో గృహప్రవేశం. అమ్మ ముందే వెళ్ళింది, నేను ఆ పొద్దున రైల్లో దిగాను. హాల్లోకి అడుగు పెడుతుండగానే బావగారి గొంతు వినపడింది. ఎవరో మిల్లు ఓనర్లకి చెబుతున్నాడు: "ఐడియా అంతా మనదేనండీ. దగ్గరుండి చేయించాను."

పెట్టె దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, నా కుండకి ఇంకా వాసనైనా పోని ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు! దాని మీద పెళ్ళి కుండలకి వేసినట్టు ఎర్ర పువ్వులూ, తీగలూ. గోనె లేదు. కిటికీకి కొత్త పరదా. పెయింటు పడ్డ కుండ చెమరుస్తుందా, దాని మొహం! చెయ్యి పెట్టి చూస్తే కుండ పొడిగా, వెచ్చగా ఉంది. చేపలు రెండూ పైన తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

భలే తిక్క కుదిరింది అనుకున్నాను. నిజం చెబుతున్నాను, మొదట అదే అనుకున్నాను. సాయంత్రానికి అందరి ముందూ అవి వెల్లకిలా తేలతాయి, ఈయన మొహం మాడిపోతుంది, నేను కాఫీ తాగుతూ చూస్తాను.

ఇంతలో బావగారే నన్ను పక్కకి పిలిచాడు. "మరదలా, అవెందుకో అదోలా ఉన్నాయి. భోజనాల వేళకి పెద్దవాళ్ళందరూ వస్తారు. కాస్త చూడమ్మా, నీ చేతి చలవ." జ్వరమొచ్చిందా అని నవ్విన నోరే!

"చూస్తాను బావగారూ. ఇది మా మరదలు చేసిందని వాళ్ళందరికీ చెప్పండి, ఇప్పుడే కొత్త కుండ తెప్పించి బాగుచేస్తాను."

"ఆడపిల్ల చేసిందంటే నవ్విపోతారు. అయినా ఇంట్లోవాళ్ళం, మనలో మనకి నీదేమిటి, నాదేమిటి?" అన్నాడు. మళ్ళీ చెయ్యి ఊపాడు.

అప్పుడు చేపల వంక చూశాను. మా గొడవతో వాటికేం పని? వంటింట్లోకెళ్ళి బిస్కెట్ల గాజు జాడీ ఖాళీ చేశాను. అక్క చూసింది, జాడీ అందుకుని కడిగిచ్చింది. పెట్టెలోంచి నీళ్ళూ చేపలూ జాడీలోకి ముంచి, దానికి తడి తువ్వాలు చుట్టి, వీధి గుమ్మంలోంచే బయటికొచ్చాను. "భోజనం వేళకి ఎక్కడికే?" అని అమ్మ అరిచింది. వెనక్కి తిరగలేదు.

రైల్లో జాడీ కిటికీ దగ్గర పట్టుకున్నాను. కవుతరం స్టేషన్లో దిగి తువ్వాలు తడిపాను. పెడన వచ్చేలోపే ఒక చేప పోయింది. దాని ఉసురు ఆ మనిషికే తగలాలని తిట్టుకుంటూ ఏడ్చాను. పక్కనున్నావిడ నా పిల్లకేదో అయిందనుకుంది. రెండోదాన్ని బందరులో జట్కా కట్టించుకుని తీసుకెళ్ళి సముద్రంలో వదిలేశాను. వెళ్తూ వెళ్తూ అదేం వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది.

అమ్మ తిరిగొచ్చింది, నాతో మాటల్లేవు. ఆ తర్వాత అక్క వచ్చింది. వస్తూనే నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నోట్లో నాలుక లేని మా అక్క! నేనొచ్చేశాక అందరూ ఖాళీ పెట్టె చుట్టూ చేరి "చేపలేవండీ?" అని అడిగారట. బావగారికి ఏం చెప్పాలో తోచక, ఒళ్ళు మండి, హాలంతా వినపడేలా అరిచాడట: "నన్నడుగుతారేం! ఆ పెట్టే, ఆ కుండా, సమస్తం మా మరదలు చేసింది. దాని చేపలు అది పట్టుకుపోయింది!"

"అందరి ముందూ అన్నాడా?"

"అందరి ముందూనే."

"మళ్ళీ చెప్పవే," అన్నాను. మళ్ళీ చెప్పింది. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినప్పుడు నేనక్కడ లేనే అని ఎంత విలవిల్లాడానో! అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"అమ్మకి కూడా చెప్పు."

అక్క పూసగుచ్చినట్టు చెప్పింది. నేను అమ్మ మొహమే చూస్తూ నిలబడ్డాను. అమ్మ అంతా విని, "అయ్యో పాపం, నలుగురిలో అల్లుడికి ఎంత తలవంపులయింది!" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.