చుక్కల సముద్రం

దోహాలో కొత్తగా కడుతున్న ఒక హోటల్ లాబీలో బొమ్మ వేయమని నాకొక గోడ ఇచ్చారు. అది పాస్ అయితే నా ఐడీ కార్డు మీద ‘పెయింటర్’ తీసేసి ‘ఆర్టిస్ట్’ అని వేయిస్తానని మేనేజర్ అన్నాడు. మా తాత సంతకానికి నాలుగూళ్ళు కదిలేవి. ఆయన మనవడినైన నాకు ఆ ఒక్క మాట ఎంత అవసరమో ఎవరికీ చెప్పలేదు.

అల్ రువైస్ రేవులో మధ్యాహ్నపు పడవలు గీయాలనుకున్నాను. హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీ చదువు రెండేళ్ళకే ఆగిపోయినా, ఇంప్రెషనిస్టుల తర్వాత వచ్చిన చిత్రకారుల పద్ధతులు నాకు గుర్తుండిపోయాయి. వాళ్ళలో కొందరు రంగును కత్తితో గారలా మెత్తారు. కొందరు రంగులు కలపడమే మానేసి, నీలం చుక్క పక్కన నారింజ చుక్క పెట్టి, కలిపే పని చూసేవాడి కంటికి వదిలేశారు. దగ్గర నుంచి చూస్తే అన్నీ చుక్కలే. పదడుగులు వెనక్కి జరిగితే నీళ్ళ మీద ఎండ కనిపిస్తుంది. నేనూ నూనెరంగులతో మూడు వారాలు ఒక్కో చుక్కే పెట్టుకుంటూ పోయాను.

నా గదిలోనే ఉండే మా ఊరి మనిషి ఆ లాబీలో తక్కిన గోడలకు ఫినిషింగ్ చేసేవాడు. వాళ్ళ తాత మా ఇంట్లో పనిచేశాడు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో కింది మంచం నాకిచ్చి తను పైది ఎక్కాడు. ఇద్దరం ఒకే కంపెనీ కూలీలమే అయినా ‘దొరా’ అనేవాడు. నేను వద్దనలేదు. గోడకు పక్కనుంచి లైటు పట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, చిన్న మచ్చ కనబడినా సాఫు చేసేవాడు. ఆ పనివాళ్ళ నేర్పంతా అందులోనే ఉంటుంది. నా గోడను వెనక్కి జరిగి చూడమని అతనికి ఏనాడూ చెప్పలేదు. అతనికి చెప్పడమేమిటి అనుకున్నాను.

శనివారం ఇంజినీర్ వచ్చి చూడాలి. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి సముద్రం లేదు. గోడంతా బురద రంగు, నున్నగా.

“నిన్న శుక్రారం ఛుట్టీ గద దొరా, ఒక్కన్నే అచ్చి జేసిన,” అన్నాడతను రోలర్ కడుగుతూ. “గోడంత సుక్కలు వడ్డయి. మీకు కండ్లు సరిగ ఆనుతలెవ్వేమో అనుకున్న. ఇంజినీర్ మిమ్ముల ఒక్క మాటంటె నేను పడ్తనా? రంగు పచ్చిగనే ఉండె, ఉత్త రోలర్ తోని సాఫ్ జేసిన.”

మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూస్తున్నాడు.

ఇంజినీర్ వచ్చాడు. “యే క్యా హై? కిస్నే కియా?”

అతణ్ణి చూపిస్తే ఆ వారమే విమానం ఎక్కిస్తారు. నడుం నిటారుగా పెట్టి, “మైనే,” అన్నాను. దాన్ని ఔదార్యమనుకోవద్దు. మా ఇంటి పనివాడి మనవడు నా పని చెరిపాడని నలుగురి ముందు చెప్పడం నాకు చేతకాలేదు.

“మాఫీ ఫాయిదా. యల్లా, సబ్ వైట్ మారో,” అని, ఇక లాభం లేదు, అంతా తెల్లరంగు కొట్టెయ్యమని చెప్పి ఇంజినీర్ వెళ్ళిపోయాడు.

ముందు టర్పెంటైన్ గుడ్డలతో తుడిచాం. తర్వాత చెరొక రోలర్ పట్టుకున్నాం. పని అయ్యాక అతను లైటు పట్టి, గోడకు ముక్కు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

“ఇగ జూడుండ్రి దొరా, ఒక్క సుక్క లేదు.”

నేను పదడుగులు వెనక్కి జరిగాను. అక్కడి నుంచి చూసినా లేదు.