వాసన చూసే మేస్త్రీ

వన్ టౌన్‌లో మా కొట్టు పక్క షెడ్డులో ఉండే మెకానిక్ మేస్త్రీ దేన్నైనా ముందు వాసన చూసేవాడు. చేతికిచ్చిన టీ గ్లాసునైనా సరే.

ఎనభైల్లో నాన్న కొత్త పికప్ వ్యాను కొన్నాడు. కొబ్బరికాయ కొట్టి, చక్రాలకి ఆ నీళ్ళు చల్లి, నిమ్మకాయలు తొక్కించాం. సింహాచలం కొండకి ప్రయాణం. పిల్లలమంతా వెనక ఎక్కేశాం. ఇంతలో చక్రం కింద తడి చూసి మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"కొబ్బరినీళ్ళే బావా, తప్పుకో," అన్నాడు నాన్న.

మేస్త్రీ వేలు తడిపి వాసన చూశాడు. "కొబ్బరినీళ్ళు కావు బావా, బ్రేకాయిలు. ముందు పిల్లల్ని దించీ."

మూడు నెలలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ వ్యాన్లన్నిటికీ బ్రేకు పైపులో లోపం ఉందట, వెనక్కి తీసుకురమ్మన్నారు. పట్టుకెళ్ళి మేస్త్రీకి చూపించాను. ఆ కాగితాన్ని కూడా ముందు వాసన చూశాడు.

"ఆళ్ళకి ఇప్పుడు తెలిసిందేటి?" అన్నాడు.