కళ్ళమీద నల్ల కాగితం

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను ఆపారు. "వాక్యం చెప్పే మనిషివి, పుచ్చిన పంటి ఫోటోలతో ఊళ్ళు తిరగడమేందమ్మా?"

"ప్రభువు రోగుల్ని ముట్టుకోకుండా ఉపదేశం ఒక్కటే చేసి పోయినాడా అయ్యగారూ?" అన్నాను.

మర్నాడు ఏడింటికి నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. మైపాడు అవతలి పాళెంలో పోలమ్మకు పైపన్ను పుచ్చి, వాపు కంటి కిందికి పాకింది. పీకాలనగానే ఆమె మా మిషను ఆసుపత్రినుంచి లేచి వెళ్ళిపోయింది. పైపన్ను పీకితే కన్ను పోతుందని ఆ తీరమంతా నమ్మకం. చీము పాకితే ప్రాణానికే ముప్పని భయపడి, డాక్టరమ్మ చికిత్సకు ముందొకటి, తర్వాతొకటి తీసిన ఫోటోలిచ్చి నన్ను పంపారు.

ఇందుకూరుపేటలో ఖాళీ గంపతో ఎక్కినామె మొదటి ఫోటో చూసి, "ఏందక్కా ఈ నోరు, కొర్రమీను తెరిచినట్టు!" అని పకపకా నవ్వింది.

మైపాడులో దిగి, పెరుగన్నం తిని, ఇసుకలో నడిచాను. చెంపకు గుడ్డ కట్టుకుని పోలమ్మ వల బాగుచేస్తోంది. రెండో ఫోటోలో నయమైన ముఖం, కళ్ళమీద నల్ల కాగితం. పోలమ్మ అత్త దాన్ని లాక్కుంది.

"కళ్ళు పోయినాయి గాబట్టే గదా కాయితం అంటించినారు!"

"ఎవరో తెలియకూడదని అంటిస్తారు పెద్దమ్మా."

"దాచేదానికి ఆమేమన్నా దొంగతనం చేసిందా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చింది. డాక్టరమ్మ కోప్పడితే పడనీ అని, గోటితో ఆ కాగితం ఊడబెరికాను. "ఈ ముఖం నాదే. చూడండి, కళ్ళుండాయా లేదా?" వేలితో చెంప లాగి, పన్ను పోయిన సందు చూపించాను.

అత్త సముద్రంవైపు చెయ్యెత్తింది. "అద్దో, ఆ తెప్పలో ఎంతమంది?"

"ఇద్దరు. నిలబడినవాడు చుట్ట కాలుస్తుండాడు."

"చుట్టగూడా కనపడిందంట!" అన్నారెవరో.

పోలమ్మ గుడ్డ సవరించుకుంటూ, "నా కన్నుకేమీ కాదా అక్కా?" అంది.

"పన్ను తీస్తే కన్ను పోదు. చీముతోనే భయం."

"మీ దేవుడిలో కలిస్తేగానీ పీకరేమో?" అంది అత్త.

"డాక్టరమ్మ ఆ మాటే అడగదు. నేను మాత్రం ప్రార్థన చేస్తా, ఎవరొద్దన్నా మానను."

పోలమ్మ వల మడిచి లేచింది. మూడింటి బస్సులో ఆమె, అత్త, నేను నెల్లూరుకు బయలుదేరాం. ఈ దారిన ఫోటోలతో వచ్చేవారికి ఒక్క మాట: ముఖం దాచుకోవడానికి ఇష్టపడని మనిషి ఫోటో తీసుకురండి. దాచిన ముఖాన్ని ఈ తీరం నమ్మదు, నమ్మమని నేనూ అడగను.

పోలమ్మ కిటికీ పక్కన కళ్ళు మూసుకుంది. అత్త నావైపు వంగి, "దీని కన్ను పోయిందా, నీ కన్ను పీకుతా" అంది.

"రేపు పన్ను పీకేటప్పుడు కూడా నా పక్కనే కూర్చో పెద్దమ్మా, నన్ను వెతుక్కునే పనుండదు" అన్నాను.