టైలరు ఇంటి చెట్టుకు పచ్చదారం

కూతురి పురిటికని భార్య ఊరెళ్ళగానే, మా పై అంతస్తు టైలరు ఇంట్లోకి ఎవరినో తెచ్చి పెట్టుకున్నాడని వీధంతా గుప్పుమంది. ఆ మాట పుట్టించింది ఇస్త్రీ బండి ఆమె. నేను కాదు. కళ్ళారా చూసిందాన్ని గనక ఉన్నదున్నట్టు చెబుతాను.

తలుపు వెనక మాటలు వినబడిన మాట నిజమే. "అలగకు తల్లీ. ఇవాళ కూడా నా ఎదురుగానే కూర్చుందువుగాని" అంటున్నాడు. అది విన్నాక కాలు నిలుస్తుందా? కిందికి దిగి, చక్కగా ఉన్న దిండు గలీబుని కాస్త చింపి, చేత పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాను.

లోపల ఆడమనిషి జాడే లేదు. కిటికీ దగ్గర, మిషను పక్కన కుండీలో ఫైకస్ చెట్టు ఉంది. మేడికి దూరపు చుట్టం, ఇంట్లో అందానికి పెంచుకునేది. ఆయన భార్య దాన్ని జానెడు మొక్కప్పుడు తెచ్చి తలుపెత్తు చేసింది. వెళ్తూ అప్పగింతలు కూడా పెట్టింది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోయాలి. ఆకులు తడిగుడ్డతో తుడవాలి. కుండీని మాత్రం చోటు కదపకూడదు, కదిపితే అది ఆకులు రాల్చేస్తుంది.

ఇప్పుడు చెట్టు సగం బోడి. ఆమె సాయంత్రానికి దిగుతోంది. టైలరు స్టూలెక్కి, రాలిన ఆకుల్ని కొమ్మలకు పచ్చదారంతో కుడుతున్నాడు.

"ఏం నాయనా, దీనికీ కొలతలు తీసుకున్నావా?"

"నవ్వకండి పిన్నిగారూ. నన్ను నమ్మి వదిలి వెళ్ళింది. ఇలా చూస్తే ఇక నా మొహం చూడదు. ఆ కింద ఆకులు అందివ్వండి."

అందించాను. కుట్టు దివ్యంగా ఉంది. మధ్యలో ముడి కనబడితే పరువు తక్కువని కొమ్మంతా ఒకే దారంతో లాగించేశాడు.

సాయంత్రం గలీబు కోసమని నేనూ అక్కడే ఉన్నాను. ఆమె సంచి దించి తిన్నగా చెట్టు దగ్గరికి నడిచి, దుమ్ము పట్టిన ఒక ఆకుని కొంగుతో తుడిచింది. ఆకు చేతికొచ్చింది. దాని వెనక దారం, దారం వెంట కొమ్మమీద ఆకులన్నీ దండలా వచ్చేశాయి.

ఆమె నేలకేసి చూసింది. కిటికీ నుంచి భోజనాల బల్ల దాకా కుండీ ఈడ్చిన గీతలు.

"కదపొద్దని చెప్పానా లేదా? ఎందుకు కదిపారు?"



టైలరు మెడలో టేపు సవరించుకున్నాడు. "నీ కుర్చీ ఖాళీగా ఉంటే ముద్ద దిగలేదు. పూటపూటా దీన్నే లాక్కొచ్చి ఎదురుగా పెట్టుకున్నాను. పాపం, నా వంటలో ఉప్పెక్కువైందని ఒక్కసారీ అనలేదు."